చలికడలిలో మొగ్గ తొడిగే జంతువులు

అమెరికా ఈశాన్య తీరంలో మెయిన్ సింధుశాఖ ఉంది. ఎండాకాలంలో కూడా దాని నీళ్లు చల్లగానే ఉంటాయి. వేసవి చివర అక్కడ కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచును పైకి లాగి చూస్తే, ఆకు మీద తెల్లటి పొర అతుక్కుని కనిపిస్తుంది. తడిమితే గరుకుగా తగులుతుంది. భూతద్దం పెడితే ఆ పొర నిండా వరసగా పేర్చిన చిన్న చిన్న గదులుంటాయి. నీళ్లలో కదపకుండా ఉంచితే ఒక్కో గదిలోంచి సన్నటి స్పర్శకాల గుత్తి మెల్లగా బయటికి విచ్చుకుంటుంది. తాకితే చటుక్కున లోపలికి పోతుంది. అది నాచుకు పట్టిన తెగులు కాదు, ప్రాణమున్న జంతువు. శాస్త్రీయంగా దాని పేరు మెంబ్రానిపోరా మెంబ్రనేసియా. బ్రయోజోవా అనే పెద్ద సమూహానికి చెందినది. ఈ సమూహంలో నేడు జీవిస్తున్న జాతులు దాదాపు ఆరు వేలు. విశాఖ రేవులో పడవల అడుగున పేరుకునే జీవుల్లో కూడా వీటి బంధువులున్నాయి. కానీ వీటి బతుకులోని మెలికలన్నీ బాగా బయటపడేది చలి సముద్రాల్లోనే.

ఆ పొరను ఒక జంతువు అనాలా, వేల జంతువులనాలా? గదిలో ఉండే ఒక్కో జీవిని జూయిడ్ అంటారు. చాలా జాతుల్లో అది మిల్లీమీటరు కన్నా చిన్నది. దానికి నోరుంది, పేగుంది, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని నోటివైపు తోసే శైలికలతో కూడిన స్పర్శకాలున్నాయి. గుండె లేదు, మొప్పలు లేవు. అంత చిన్న ఒంటికి అవి అవసరం లేదు. అయితే ఈ గదులు విడివిడి కావు. గోడల్లోని సన్నటి రంధ్రాల గుండా పక్క జూయిడ్‌తో కణజాలం కలిసే ఉంటుంది. ఒకటి తిన్న తిండిలో కొంత పక్కదానికి చేరుతుంది. ఇలా ఒంట్లు కలిసి బతికే సమూహాన్ని సహనివేశం అంటారు. ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివినవారికి ఒబీలియా పాఠంలో ఈ మాట తగిలే ఉంటుంది.

ఈ వేల జూయిడ్లన్నిటికీ మూలం ఒకే ఒక డింభకం. నీళ్లలో ఈదుతూ వచ్చిన డింభకం తనకు నచ్చిన చోట అతుక్కుని, లోపలి అవయవాలన్నిటినీ కరిగించుకుని, కొత్త ఆకారం పొందుతుంది. అలా ఏర్పడిన తొలి గదిని మూల జూయిడ్ అనుకుందాం. మెంబ్రానిపోరాలో అయితే ఈ మూల జూయిడ్లు రెండు, కవలల్లా అంటుకుని పుడతాయి. వాటి అంచున మొగ్గ తొడుగుతుంది, అది మరో గది అవుతుంది, దాని అంచున ఇంకో మొగ్గ. అరటి చెట్టు గింజ లేకుండా పిలకలు వేసి పొద అయినట్టే ఇదీ విస్తరిస్తుంది. ఆ పొదలోని ప్రతి చెట్టూ జన్యుపరంగా ఒకటే అయినట్టు, ఈ జూయిడ్లన్నీ ఒకటే. దీన్ని కోరకీభవనం అంటారు. ఇది సంతానమా, పెరుగుదలా అని అడిగితే రెండూ నిజమే. జూయిడ్ వైపు నుంచి చూస్తే బిడ్డ పుట్టింది. సహనివేశం వైపు నుంచి చూస్తే ఒళ్లు పెరిగింది. మన లెక్కలో వేరువేరు గడుల్లో రాసుకునే ఈ రెండూ ఇక్కడ ఒకే పని. ఈ జీవుల గురించి ఏది అర్థం చేసుకోవాలన్నా ముందు ఇది ఒప్పుకోవాలి.

వయసు సంగతి కూడా ఇలాగే తికమక పెడుతుంది. బ్రయోజోవాల జూయిడ్‌లో గది గోడ చాలాకాలం నిలుస్తుంది. లోపల ఉండే పేగు, స్పర్శకాలు మాత్రం కొన్ని వారాలకో నెలలకో వాడి, కుంగి, గోధుమరంగు ముద్దగా మిగిలిపోతాయి. కొంతకాలానికి ఆ గది గోడ నుంచే కొత్త పేగు, కొత్త స్పర్శకాలు పుట్టుకొస్తాయి. పాత ముద్దను కొన్ని జాతులు గదిలోనే ఉంచుకుంటాయి, కొన్ని కొత్త పేగు ద్వారా బయటికి తోసేస్తాయి. అంటే ఒకే గదిలో ఒకే జీవి ఎన్నోసార్లు పాతబడి మళ్లీ కొత్తదవుతుంది. తిండి దొరకని కాలం గడపడానికి ఇదొక మంచి దారి. ఖర్చెక్కువ అయ్యే భాగాన్ని వదిలేసి గదిని మాత్రం కాపాడుకుంటే చాలు.

మొగ్గ తొడిగి ఇంత హాయిగా పెరగగలిగినప్పుడు ఆడామగా కలయిక ఎందుకు? మొగ్గ అంటుకున్న చోటే ఉంటుంది. నాచు ఆకు తెగిపోయినా, రాయిని మంచుదిబ్బ గీకేసినా మొత్తం సహనివేశం పోతుంది. కొత్త చోటికి వెళ్లాలంటే ఈదే డింభకం కావాలి. కొత్త జన్యువుల కలయిక కావాలన్నా ఫలదీకరణం జరగాలి. అందుకే ఉండడానికి మొగ్గలు, వెళ్లడానికి డింభకాలు అన్న ఏర్పాటు.

కదలలేని జీవులు కలుసుకునేదెలా? బ్రయోజోవాలు ఎక్కువగా ఉభయలైంగికాలు. ఒకే సహనివేశంలో శుక్రకణాలూ అండాలూ రెండూ తయారవుతాయి. శుక్రకణాలు బయటికి వచ్చే దారి స్పర్శకాల కొనలు. తిండి పట్టడానికి నీళ్లలో చాచిన ఆ చేతుల చివరి నుంచే అవి విడుదలై ప్రవాహంలో కలిసిపోతాయి. అవతల ఎక్కడో మరో సహనివేశం తిండి కోసం నీళ్లను తనవైపు లాక్కుంటూ ఆ శుక్రకణాల్నీ పట్టుకుంటుంది. తినే పనీ తోడు వెదుక్కునే పనీ ఒకే అవయవంతో జరిగిపోతాయి.

ఆ తర్వాత దారులు రెండుగా చీలతాయి. మెంబ్రానిపోరా వంటి కొన్ని జాతులు చిన్న చిన్న అండాల్ని పెద్ద సంఖ్యలో నీళ్లలోకి వదిలేస్తాయి. వాటి నుంచి వచ్చే డింభకం పేరు సైఫోనాటీస్. పల్చటి త్రికోణపు ఆకారం, రెండు పక్కలా పారదర్శకమైన చిప్పలు. అది వారాల తరబడి ప్లవకాల మధ్య తేలుతూ, తింటూ, పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్ 1834లో దీన్ని వర్ణించినప్పుడు అది వేరే ఒక జంతువే అనుకున్నాడు, దానికి సొంత పేరు పెట్టాడు. 1869లో ష్నైడర్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త అది మెంబ్రానిపోరా డింభకమని, రూపవిక్రియ చెంది నాచు మీది పొరగా మారుతుందని చూపించాడు. ముప్ఫై అయిదేళ్లపాటు తల్లీబిడ్డా రెండు వేర్వేరు జంతువులుగా పుస్తకాల్లో ఉండిపోయారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ ఎరెన్‌బర్గ్‌ను తప్పుపట్టలేరు.

ఎక్కువ జాతులు ఎంచుకున్నది రెండో దారి. అండాల సంఖ్య తగ్గించి, ఒక్కోదానికి పచ్చసొన దండిగా ఇచ్చి, గది మీద ఉబ్బుగా కట్టుకున్న చిన్న అరలో పిండాన్ని సాకుతాయి. కొన్నిటిలో తల్లి నుంచి పిండానికి పోషకాలు కూడా అందుతాయి. ఇలా పెరిగి బయటికి వచ్చే డింభకానికి నోరు పనిచేయదు. దానికి తినే పని లేదు. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో చోటు వెదుక్కుని అతుక్కుంటుంది.

చలి సముద్రం గొడవ ఇక్కడే ప్రవేశిస్తుంది. ధ్రువాల దగ్గరి సముద్రంలో బతకడం కష్టం అనగానే చలే కారణమనుకుంటాం. అంటార్కిటికా తీరంలో నీటి ఉష్ణోగ్రత శీతాకాలంలో సున్నాకు దాదాపు రెండు డిగ్రీలు తక్కువకు దిగుతుంది, వేసవిలో సున్నాకు కాస్త పైకి వస్తుంది. ఏడాదంతా మార్పు అంతే. అక్కడి జీవులు ఆ చలికి అలవాటు పడినవే. మారేది వెలుతురు, దానితోపాటు తిండి. శీతాకాలంలో చీకటి, పైన మంచు కప్పు. నీళ్లలో పచ్చటి సూక్ష్మ నాచులు దాదాపు మాయమవుతాయి. వసంతంలో మంచు కరిగి వెలుతురు పడగానే కొన్ని వారాలపాటు అవి విపరీతంగా పెరుగుతాయి. ఏడాది తిండంతా ఆ కొద్ది రోజుల్లోనే. చలి చేసే అన్యాయం ఇంకొకటి ఉంది. అది పిండం ఎదుగుదలను బాగా నెమ్మది చేస్తుంది. తిండి తొందరగా ముగిసిపోతుంది, బిడ్డ తొందరగా ఎదగదు. ఈ రెంటి మధ్య డింభకం చిక్కుకుంటుంది.

డెన్మార్క్ శాస్త్రవేత్త గున్నార్ తోర్సన్ 1930లలో తూర్పు గ్రీన్‌లాండ్ తీరంలో సముద్రపు అడుగు జీవుల డింభకాల్ని పరిశీలించి, 1936లో ఈ విషయం రాశాడు. ఉష్ణ సముద్రాల్లో తేలుతూ తినే డింభకాలు ఎక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ అవి తగ్గి, పచ్చసొనతో బతికేవీ తల్లి సాకేవీ పెరుగుతాయన్నది ఆయన చెప్పిన మాట. తర్వాతి కాలంలో దానికి తోర్సన్ సూత్రమనే పేరొచ్చింది. సూత్రమనే పేరుంది గానీ మినహాయింపులు తక్కువేం కాదు. అంటార్కిటికాలో బాగా ఎక్కువగా కనిపించే ఒక సముద్రపు నక్షత్రం, ఒక సముద్రపు అర్చిన్ కూడా తినే డింభకాల్నే వదులుతాయి. అయినా బ్రయోజోవాల వరకు ఆయన మాట చాలావరకు నిలుస్తుంది. అంటార్కిటికా బ్రయోజోవాలు ఎక్కువగా పిండాల్ని సాకేవే.

దీని ఫలితం చిన్నది కాదు. గంటల్లో అతుక్కునే డింభకం తల్లికి దగ్గరలోనే పడుతుంది. ఇరుగుపొరుగంతా బంధువులే అవుతారు. మంచుదిబ్బ ఒకటి లోతు తక్కువ చోట అడుగును గీకిపోతే, ఆ ఖాళీని నింపాల్సింది పక్కవాళ్ల పిల్లలే. దూరం పోవాలంటే తెగి కొట్టుకుపోయే నాచు మీద అతుక్కున్న సహనివేశం మొత్తం ప్రయాణం చేయాలి. ఈదే డింభకం కన్నా ఒక్కోసారి కదలని తల్లే ఎక్కువ దూరం వెళుతుంది!

బ్రయోజోవాల్లోనే సైక్లోస్టోమ్ అనే పాత శాఖ ఒకటి ఉంది. క్రిసియా అనే సన్నటి కొమ్మల సహనివేశం అందులోదే. బ్రిటిష్ శాస్త్రవేత్త సిడ్నీ హార్మర్ 1890లలో దీని పిండాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి ఎవరూ ఊహించని సంగతి బయటపెట్టాడు. ఫలదీకరణం చెందిన ఒకే ఒక అండం లోపల ముక్కలై ముక్కలై, పదుల సంఖ్యలో, కొన్ని జాతుల్లో వందకు పైగా, డింభకాలవుతుంది. దీన్ని బహుపిండత అంటారు. శతాబ్దం దాటాక జన్యు పరీక్షలు కూడా ఆ పిల్లలందరూ అచ్చంగా ఒకటేనని నిర్ధారించాయి.

ఇది ఆలోచించేకొద్దీ వింతగా ఉంటుంది. ఆడామగా కలయిక ప్రయోజనం రకరకాల పిల్లలు పుట్టడమే కదా. ఎలాంటి పరిస్థితి ఎదురైనా ఎవరో ఒకరు నెగ్గుకొస్తారన్నది ఆ ఏర్పాటు. క్రిసియా ఇక్కడ అంత శ్రమపడి కొత్త జన్యువుల కలయిక సాధించి, ఇంకా ఎవరూ పరీక్షించని ఆ ఒక్క కలయికకే వంద నకళ్లు తీసి పంపుతుంది. తల్లికి తన జన్యువులు మంచివని బతికి చూపించిన రుజువుంది. బిడ్డవి మాత్రం ఇంకా తెలియవు. తెలియనిదాన్ని వందసార్లు నమ్మడం ఎందుకు? శుక్రకణం దొరకడం అరుదైన చోట, దొరికిన ఒక్కదాన్నీ పూర్తిగా వాడుకోవడమే దీనికి కారణమై ఉండాలన్న వివరణ నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. ప్రవాహంలో పలచగా కలిసిన శుక్రకణాల కోసం ఎదురుచూసే కదలని జీవికి రెండో అవకాశం వస్తుందన్న హామీ లేదు.

ఒబీలియా పాఠంలో నేర్చుకునేది వేరే దారి. అక్కడ సహనివేశం మొగ్గలు తొడిగి చిన్న గొడుగు ఆకారపు మెడూసాలను వదులుతుంది. అవి ఈదుకుంటూ పోయి అండాలు, శుక్రకణాలు వదులుతాయి. ఫలదీకరణం నుంచి పుట్టిన ప్లాన్యులా డింభకం మళ్లీ సహనివేశం మొదలెడుతుంది. అలా రెండు రూపాల మధ్య తరాలు మారుతుంటాయి. రష్యా వాయవ్యాన శీతాకాలంలో గడ్డకట్టే తెల్ల సముద్రం ఒడ్డున, నాచు మీద కోకొల్లలుగా పెరిగే డైనమీనా పుమిలా అనే ఒబీలియా బంధువు ఈ పాఠానికి లోబడదు. దాని సహనివేశం మెడూసాను ఎన్నడూ బయటికి వదలదు. పిండాలు సహనివేశం మీదే పెరిగి ప్లాన్యులాలుగా దిగుతాయి. ఒబీలియా కోవకు చెందిన ఈ జీవుల్ని హైడ్రాయిడ్లు అంటారు; చలి సముద్రాల హైడ్రాయిడ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. మెడూసా అనే ఈదే దశను మానుకోవడం బ్రయోజోవాలు చేసిన పనికి మరో రూపమే.

తోర్సన్ మాటను గట్టిగా కాదన్న సహనివేశ జీవి నార్వే లోతుల్లో ఉంది. లోఫీలియా అని ఎక్కువమందికి తెలిసిన చలినీటి పగడం అది. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని డెస్మోఫిల్లమ్ పర్టూసమ్ అంటున్నారు. దీనికి సూర్యరశ్మి అక్కర్లేదు. వెచ్చటి సముద్రాల పగడాలకు తిండి వండిపెట్టే నాచు దీని ఒంట్లో ఉండదు. ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టుకుని తింటుంది. 2002లో నార్వే తీరంలో కనిపెట్టిన రోస్ట్ దిబ్బ దాదాపు 35 కిలోమీటర్ల పొడవున, 300 నుంచి 400 మీటర్ల లోతున పరుచుకుని ఉంది. పాలిప్‌లు అనే ప్రాణమున్న పగడపు జీవులు దిబ్బ పైపొరల్లో మాత్రమే ఉంటాయి. కింద ఉన్నదంతా తరతరాల అస్థిపంజరం. దాని సందుల్లో చేపలు, రొయ్యలు, బ్రయోజోవాలు కాపురం చేస్తాయి. ఈ పగడం కొమ్మ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండున్నర సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. నార్వేలోని పెద్ద దిబ్బల వయసు వేల ఏళ్లు.

ఈ పగడంలో ఒక్కో సహనివేశం పూర్తిగా ఆడ, లేదా పూర్తిగా మగ. నార్వే నీళ్లలో అండాలు, శుక్రకణాలు విడుదలయ్యేది నట్టచలికాలంలో, జనవరి నుంచి మార్చి మధ్య. ప్రయోగశాల ట్యాంకుల్లో ఏడెనిమిది డిగ్రీల నీళ్లలో గమనించినప్పుడు అండం విభజనకు విభజనకు మధ్య ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టింది. నీళ్లు పదకొండు, పన్నెండు డిగ్రీలకు వెచ్చబడితే ఎదుగుదల వేగం దాదాపు రెండింతలైంది. డింభకం అడుగుకు దిగి చోటు వెదకడం మొదలుపెట్టేది మూడు నుంచి అయిదు వారాల తర్వాత. అప్పటివరకు పైపైకి ఈదుతూ, తింటూ తిరుగుతుంది. చలికాలంలో పుట్టిన డింభకానికి నోరు తెరిచే వేళకు వసంతం దగ్గరపడుతుంది. ఆ కాలం ఎంపిక ఎంత పొందికగా ఉందో చూడండి. నెమ్మదైన ఎదుగుదలను ముందే లెక్కలో వేసుకున్నట్టుంది.

ఈ లెక్కలన్నీ స్థిరమైన సముద్రం మీద ఆధారపడినవి. సముద్రం ఇప్పుడు స్థిరంగా లేదు.

అంటార్కిటికాలోని సెల్లరినెల్లా అనే బ్రయోజోవా నిటారుగా పెరుగుతుంది. ప్రతి శీతాకాలం తిండి ఆగినప్పుడు పెరుగుదల కూడా ఆగి ఒక గీత పడుతుంది. గీతలు లెక్కపెడితే వయసు, గీతల మధ్య దూరం కొలిస్తే ఆ ఏడాది ఎంత పెరిగిందో తెలుస్తుంది. 1901 నుంచి 1904 వరకు సాగిన కెప్టెన్ స్కాట్ యాత్ర నుంచి మ్యూజియాలకు చేరిన నమూనాల్ని కొత్త నమూనాలతో పోల్చి, 2011లో డేవిడ్ బార్న్స్ బృందం ఒక ఫలితం ప్రకటించింది. రాస్ సముద్రంలో ఈ జాతి పెరుగుదల ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఒకే తీరున సాగి, 1990 తర్వాత గబగబా పెరిగింది. ఎప్పుడో పెట్టెల్లో సర్దిపెట్టిన నమూనాలు వందేళ్ల తర్వాత ఇలాంటి సాక్ష్యం చెప్పాయి. మ్యూజియాలకు పెట్టే ఖర్చు దండగ అనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

అంటార్కిటికాలో బ్రిటన్ నడిపే రొథేరా స్థావరం దగ్గర ఒక ప్రయోగం జరిగింది. సముద్రం అడుగున పలకలు అమర్చి, కొన్నిటిని చుట్టూ ఉన్న నీటికన్నా ఒక డిగ్రీ వెచ్చగా ఉంచారు. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం ఆ ఒక్క డిగ్రీ చాలింది. ఫెనెస్ట్రులినా రుగులా అనే బ్రయోజోవా పెరుగుదల వేగం దాదాపు రెండింతలై, రెండు నెలల్లోనే పలకల మీద మిగతావాటిని కప్పేసింది. వేగంగా పెరిగేది గెలిచింది, నెమ్మదివి ఓడాయి. ఒక జాతి బాగుపడిందని సంతోషించడానికి లేదు. మొగ్గలు తొడిగి స్థలం ఆక్రమించే జీవుల మధ్య ఒకదాని పెరుగుదల అంటే పక్కదాని ఊపిరి ఆగిపోవడమే.

మెయిన్ సింధుశాఖలోని తెల్లపొర కూడా ఇలాంటి ఆక్రమణే. మెంబ్రానిపోరా అక్కడి పుట్టు జీవి కాదు. 1987లో అక్కడ మొదట కనిపించింది, తర్వాత కెనడాలోని నోవా స్కోషియా తీరానికి పాకింది. వారాల తరబడి తేలే సైఫోనాటీస్ డింభకం ఉన్న జాతి ఇంత వేగంగా వ్యాపించడంలో ఆశ్చర్యం లేదు. దాని పొర పట్టిన కెల్ప్ ఆకు పెళుసెక్కి తుఫాను అలలకు తెగిపోతుంది. నీళ్లు వెచ్చబడిన ఏళ్లలో ఆ పొర ముందుగానే మొదలై ఎక్కువ పరుచుకుంటుంది. కెల్ప్ అడవుల మీద ఆధారపడిన చేపలకూ పీతలకూ దీనివల్ల కలిగే నష్టం మీద అక్కడ ఏళ్లుగా పరిశోధన సాగుతోంది.

నార్వే పగడానికి ఎదురైన ప్రమాదం ఇంతకన్నా సూటిది. అడుగు ట్రాలర్లు ఈడ్చే బరువైన వలలు దిబ్బల్ని నుగ్గుచేశాయి. నార్వే నీళ్లలోని లోఫీలియా ప్రాంతాల్లో 30 నుంచి 50 శాతం ఇలా దెబ్బతిన్నాయని 2002లో అక్కడి శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే కొమ్మ, వారాల తరబడి తిరిగి ఎక్కడో అతుక్కోవాల్సిన డింభకం, వేల ఏళ్లు పట్టిన దిబ్బ. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఆ పగడానికి ఎంతకాలం పడుతుందో ఈ లెక్కలే చెబుతాయి. నార్వే ప్రభుత్వం సూలా అనే మరో పగడపు దిబ్బ మీద 1999లో, రోస్ట్ దిబ్బ మీద 2003లో అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. అది సరైన పని. అయితే ఇలాంటి నిషేధం పదేళ్లకో ఇరవై ఏళ్లకో సడలించుకునేది కాకూడదు. అంత కాలంలో లోఫీలియా కొమ్మ పెరిగేది ఎంత వేగంగా పెరిగినా అర మీటరే.